రంగు పట్టని ముక్క

ముందుగాల షత్రంజి అంచుల తప్పు కనబడ్డది.
ఎర్ర గీత పక్కన ఇంకో ఎర్ర గీత.
నేసింది ఒక్కటే.
పంజా తప్పిందేమోనని ఇప్పి మళ్ళ నేసిన,
మళ్ళ రెండే.
ఎడమకు చూస్తె రెండు, కుడికి చూస్తె ఒక్కటి.
కొత్తవాడ గల్లీల ఎదురొచ్చే ఆటో
ఏది నిజమో తేలక
మోరీ గోడకు ఆనుకొని నిలబడుడు నేర్చుకున్న.

అద్దాలు రెండుసార్లు మార్చిన.
షుగరేమో అన్నడు మందుల షాపు వీరేశం.
మగ్గాలు గూడ రెట్టింపు కనబడుతున్నయంటే
ఒకటి అమ్మేద్దాం తీయి, అని నవ్వింది కొంరమ్మ.
నాలుగు నెలలకు నిజంగనే అమ్మినం.
అప్పుడు నవ్వలే.

హన్మకొండల కండ్ల డాక్టరు ఫర్హానా మేడం
పెన్ను మూత పట్టుకొని అటూ ఇటూ జరిపింది.
కుడికి రెండు కండ్లూ పోయినయి.
ఎడమకు పోయేటప్పుడు
ఎడమ కన్ను సగం దూరంల ఆగింది,
తలుగు చాలని బర్రె లెక్క.
"కంట్ల ఏం లేదు మొగిలీ,
కన్నును తిప్పే నరం మీద ఎవరో కూసున్నరు."
ఎవరో అన్నది, ఏదో అనలే.
ఆ మాట ఇంటిదాక నా వెనకాలె నడిచింది.

మిషన్ల పండబెడితే డబడబ చప్పుడు.
మరమగ్గాల షెడ్డు యాదికొచ్చి నిద్రపట్టింది.
ఫిల్ముల, తల అడుగున, నడిమికి జర ఎడమగ
తెల్లటి ఉండ.
దాంట్ల సగం సగం గీసిన సున్నాలు,
పిల్ల చేతిల ముగ్గు పిండి జారినట్టు.

హైదరాబాదుల పెద్ద డాక్టరు కాయితం మీద గీసి చెప్పిండు:
తల్లి కడుపుల పుర్రె అడుగు ముందు మెత్తబొక్కేనట.
నెలలు నిండంగ గట్టిపడతదట.
అతుకుల కాడ ఒక పిసరు
గట్టిపడుడు మర్చిపోతదేమో, అన్నడు,
గట్టిగ మాకూ తెల్వదన్నడు.
నలభై మూడేండ్లు మర్చిపోయి కూసున్నదా?
నాకు ఐతారం కూర గిన్నె కనబడ్డది.
మెత్తబొక్క ఎప్పుడూ మా స్రవంతికే,
కరకర నమిలి ఇంకోటని చెయ్యి చాపేది.

దీని మొకమే ఉన్న ఇంకోటి ఉంటదట, మొండిది.
ఫోటోల తేలదు,
ముక్క తీసి రంగేసి చూడాలె.

ముక్కులకెల్లి దూరిండ్రు.
తొమ్మిది గంటలు,
గంటల లెక్క కొంరమ్మది, నాకు ఒక్క రెప్పపాటు.
మెదడుకు పోయే నెత్తురు నాళం గోడకు
అంటుకున్న పిసరును వదిలేసిండ్రు.
గోకితె నాళం తెగుతదట.
పోగు తెగుతదనుకుంటె
ముడిని నేను గూడ ఇప్ప.

పదకొండో దినం రిపోర్టు.
గోధుమరంగు ఎక్కితె మొండిది, ఎక్కకుంటె నెమ్మదిది.
అద్దకం గాబుల కాడ పెరిగినోణ్ణి.
రంగు పట్టలేదంటె
మా నాయిన నూలు తెచ్చి మొకాన కొట్టేటోడు.
ఆ దినం ఆస్పత్రి వరండాల
రంగు పట్టలేదన్న మాటకు
కొంరమ్మ గోడకు వీపు జార్చి కూలబడి ఏడ్చింది.
నేను పోయి చాయ్ తెచ్చిన, రెండు కప్పులు.
నిజంగనే రెండు.

మిగిలిన పిసరుకు కరెంటు, ముప్పై అయిదు పూటలు.
మొకానికి జాలి ముసుగేసి బల్లకు బిగించేటోళ్ళు.
చెంపల మీద గళ్ళు అచ్చుపడేవి.
అద్దంల చూసి లెక్కపెట్టిన,
ఆ డిజైను ఇప్పుడు మగ్గం మీద ఉన్నది,
సొసైటోళ్ళు బాగుందన్నరు, ఎక్కడిదని అడగలే.

ఆరు నెలలకోసారి ఫోటో.
పోయిందని ఎవ్వరనరు, పెరగలేదంటరు.
ఇప్పుడు కండ్లను తిప్ప, మెడను తిప్పుత.
ఎడమ చివర లోకం ఇంకా జర చీలే ఉన్నది.
స్రవంతి బడి నుంచొచ్చి ఆ పక్కనే కూసుంటది,
కండెలు చుట్టుకుంట.
మెడ తిప్పకుండ చూస్త.
ఇద్దరు.
ఒకతె కండె జారవిడిచింది, ఇంకొకతె గూడ.
"ఏం చూస్తున్నవే నాయినా" అంటరు
ఒక్క గొంతుతోటి.